చిరుత సరే, తోడు నడిచినవాళ్ళ సంగతి?

పీటర్ మథీసెన్ రాసిన 'ద స్నో లెపర్డ్' గురించి ఎవరితో మాట కలిపినా ముందు వినపడేది ఒకటే: అందులో మంచు చిరుత కనపడదు. అన్ని రోజులు నడిచి, అంత చలికి ఓర్చుకుని, చివరికి దాన్ని చూడకుండానే వెనక్కొస్తాడు, చూడకపోవడమే గొప్ప అనుకుంటాడు. ఈ సంగతి ఎంత అరిగిపోయిందంటే పుస్తకం తెరవనివాళ్ళకి కూడా తెలుసు. హిమాలయాల్లో ట్రెక్ చేసొచ్చినవాళ్ళ ఇన్‌స్టా ఫొటోల్లో, ఉద్యోగం మానేసి కొన్నాళ్ళు ఎటైనా పోదామనుకునేవాళ్ళ బుక్‌షెల్ఫుల్లో దాని అట్ట కనపడుతూనే ఉంటుంది. వదిలేస్తే దొరుకుతుంది, వెతకడం మానేస్తే తెలుస్తుంది అన్నట్టు ఒక ముక్కలో సారాంశం చెప్పేసి పక్కన పెట్టేస్తుంటారు.

ఇలా చదవడంతో నాకు పేచీ ఉంది. పుస్తకంలో ఆ మాట లేకపోలేదు. మథీసెన్ దాన్ని నమ్మాడు కూడా. కానీ చిరుత మీదే కళ్ళు పెట్టుకుని చదివితే, పేజీల నిండా నడుస్తున్న మనుషులు మన కంటపడకుండా పోతారు. నడుం లోతు మంచులో, 15,000 అడుగుల ఎత్తులో, వారాల తరబడి ఎవరూ ఒక్కరే నడవరు. ఎవరో ముందుంటారు, ఎవరో వెనకుంటారు, మనం తినబోయే బియ్యం ఎవరి వీపు మీదో ఉంటుంది. ఈ పుస్తకంలో అసలు తేలని లెక్క తోడుది అని నాకనిపిస్తుంది. ఎవరు ఎవరికి తోడు? తోడు వచ్చినవాడికి మనం ఏమిచ్చాం? చిరుత కనపడకపోవడం కన్నా ఈ ప్రశ్న తేలకపోవడమే ఆ పుస్తకాన్ని ఇన్నేళ్ళు బతికించింది.

*

ముందు సంగతులు. 1973 సెప్టెంబరు 28న ఇద్దరు అమెరికన్లు నేపాల్లో పొఖరా నుంచి కాలినడకన బయల్దేరారు. ఒకరు మథీసెన్. 46 ఏళ్ళు, నవలాకారుడు, 'ద పారిస్ రివ్యూ' పత్రిక మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. రెండోవాడు జార్జ్ షాలర్. 40 ఏళ్ళు, బెర్లిన్‌లో పుట్టిన జంతుశాస్త్రవేత్త. అప్పటికే ఆఫ్రికాలో విరుంగా కొండల గొరిల్లాలను, మన దేశంలో కాన్హా అడవి పులులను, సెరెంగెటి సింహాలను చూస్తూ ఏళ్ళు గడిపినవాడు. వీళ్ళిద్దరి పరిచయం కూడా సెరెంగెటిలోనే.

డోల్పో ప్రాంతానికి పోదామన్న ఆలోచన షాలర్‌ది. అతనికి కావల్సింది భరల్. ఇంగ్లీషులో నీలి గొర్రె అనే పేరుంది గానీ, అది గొర్రెకు దగ్గరా మేకకు దగ్గరా అన్నది అప్పటికి తేలని విషయం. తేల్చాలంటే అవి జతకట్టే కాలంలో వాటి నడవడిక చూడాలి. ఆ కాలం నవంబరు, డిసెంబరు. అవి బెదరకుండా తిరిగే చోటు షే గోంపా, ఎందుకంటే అక్కడి లామా ఆ చుట్టుపక్కల వేటను నిషేధించాడు. ఈ రెండు కారణాల వల్ల, కొండవాళ్ళు పశువులను తోలుకుని కిందికి దిగే రోజుల్లో వీళ్ళు పైకెక్కాల్సి వచ్చింది. మంచు వాళ్ళకి దారిలో అనుకోకుండా తగిలింది కాదు, వాళ్ళు పెట్టుకున్న తేదీల్లోనే ఉంది. భరల్ ఉన్నచోట దాన్ని తినే మంచు చిరుత కూడా ఉంటుంది కాబట్టి చిరుత ఒక ఆశ మాత్రమే. పుస్తకానికి ఆ పేరు పెట్టడం వల్ల మనం ఆశనే ప్రయాణ కారణం అనుకుంటాం.

మథీసెన్ ఎందుకు వెళ్ళాడు? అతని భార్య డెబొరా లవ్ 1972 మొదట్లో కాన్సర్‌తో చనిపోయింది. అతన్ని జెన్ వైపు నడిపించింది ఆవిడే. ఎనిమిదేళ్ళ కొడుకు ఉన్నాడు, ఆలెక్స్. ఆ పిల్లవాణ్ణి ఇంటి దగ్గర వదిలి, నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కల్లా వచ్చేస్తానని మాటిచ్చి వెళ్ళాడు. ఈ సంగతులన్నీ అతనే చెప్తాడు, దాచడు. పుస్తకం 1978లో వచ్చింది. కొన్ని భాగాలు అదే ఏడు 'న్యూయార్కర్'లో వచ్చాయి. రూపం డైరీ, ఒక్కో రోజుకి ఒక్కో తేదీ. అయితే ఆ డైరీని ఐదేళ్ళు చెక్కాడన్నది చదువుతూ మరిచిపోకూడదు. గుడారంలో వేళ్ళు కొంకర్లు పోతుండగా రాసుకున్న నోట్సులో బౌద్ధం మీద అన్నేసి పేజీల వివరణలు ఉండవు కదా.

*

ఇద్దరి మధ్య ఉన్న తోడు ఎలాంటిది? మథీసెన్ పుస్తకమంతా షాలర్‌ని రెండక్షరాలతోనే పిలుస్తాడు, 'జీఎస్' అని. ఇది నాకు మొదటిసారి చదివినప్పుడు విచిత్రంగా అనిపించింది. ఆఫీసు మెయిళ్ళలో పెద్దవాళ్ళని ఇనిషియల్స్‌తో రాసినట్టు. రెండోసారి చదివితే అది చాలా సరైన పేరని అనిపించింది. రెండు నెలలు ఒక మనిషి పక్కన తిని, పడుకుని, నడిచాక కూడా అతని గురించి నీకు తెలిసింది రెండక్షరాలంతే అని ఒప్పుకోవడం అది. షాలర్ తక్కువ మాట్లాడతాడు, వేగంగా నడుస్తాడు. మథీసెన్‌కి తరచు కనిపించేది అతని వీపు, లేదా అతని అడుగుజాడలు. ఎవరి పని వాళ్ళది. సాయంత్రం గుడారం దగ్గర కలిసినప్పుడు ఒకరు గొర్రెల మందల లెక్క చెప్తారు, ఇంకొకరు మనసులో ఏదో మోసుకుంటూ ఊరుకుంటారు.

మంచులో నడక గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పుస్తకంలోని మాటల పొదుపు అక్కణ్ణుంచే వచ్చిందని నా అనుమానం. తాజాగా పడిన మెత్తటి మంచులో ముందు నడిచేవాడు దారి తొక్కుతాడు. ప్రతి అడుగూ కూరుకుంటుంది, లాగాలి, మళ్ళీ వెయ్యాలి. వెనక వచ్చేవాడు ఆ గుంటలోనే కాలు పెడతాడు. ముందువాడికి పడ్డ కష్టంలో సగం కూడా వెనకవాడికి పడదు. పాత మంచైతే ఇంకో తిరకాసు. రాత్రి చలికి పైపొర గట్టిపడుతుంది, తెల్లవారుజామున మనిషిని మోస్తుంది. ఎండెక్కాక అదే పొర కాలు పెట్టగానే విరిగి తొడదాకా దింపేస్తుంది. అందుకే కనుమలు దాటేవాళ్ళు చీకటితో లేస్తారు.

రెండేళ్ళ క్రితం డిసెంబరులో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠకు వెళ్ళాను, నాతో పాటు మా టీములో పనిచేసే స్నేహితుడు. సాంక్రీ ఊరి నుంచి ఎక్కుతారు. శిఖరం 12,500 అడుగులు, డోల్పో ముందు పిల్లకొండ. ముందురోజు రాత్రంతా మంచు కురిసింది. పొద్దున మా గైడు, ఆ లోయలోనే పుట్టిపెరిగిన కుర్రాడు, ముందు నడుస్తూ బూట్లతో దారి తొక్కాడు. అతని వెనక నా స్నేహితుడు, అతని వెనక నేను. గంటల తరబడి నాకు కనపడిన హిమాలయం ఒక జత బూట్ల మడమలు. ఆఫీసులో గంటసేపు ఆగకుండా మాట్లాడుకునే మేమిద్దరం ఆ రోజు మాట్లాడుకున్నవి నాలుగు మాటలు: ఆగు, నీళ్ళు, జాగ్రత్త, పద. అప్పుడు స్నేహం తగ్గినట్టు అనిపించలేదు. నా కాలు పడే చోటు అతను చూసి పెట్టాడన్న ధీమా మాటల కన్నా గట్టిది. మథీసెన్, షాలర్ మధ్య ఉన్నది ఆత్మీయత కాదనీ, వాళ్ళు ఒకరికొకరు అందలేదనీ రాసిన విమర్శకులకి నేనిచ్చే జవాబు ఆ మడమలే.

పుస్తకంలో దీనికి పరాకాష్ఠ కాంగ్ లా దాటడం. 17,000 అడుగులకు పైన ఉన్న కనుమ. దాన్ని దాటితేనే షే. కింద రింగ్మో ఊరి నుంచి సామాను మోయడానికి వచ్చినవాళ్ళు పైన మంచు చూసి ఇక రామని దింపేసి వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళే బరువులను విడతలు విడతలుగా చేరవెయ్యాలి. ఇక్కడ మథీసెన్ వచనం ఒక్కసారిగా మారుతుంది. బౌద్ధం లేదు, జ్ఞాపకాలు లేవు, ఉపమానాలు తగ్గిపోతాయి. ఊపిరి, కాలు, బరువు, వెలుతురు. తాత్త్వికంగా బరువైన పేజీల కన్నా ఈ పేజీల్లోనే అతను జెన్‌కి దగ్గరగా ఉన్నాడని అనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ జెన్ గురించి చెప్పడానికి అతనికి ఊపిరి చాలదు.

*

ఈ ప్రయాణానికి రెండో కథనం కూడా ఉంది. చాలామంది చదవరు. షాలర్ 1980లో 'స్టోన్స్ ఆఫ్ సైలెన్స్' అనే పుస్తకం వేశాడు. అందులో పాకిస్తాన్, నేపాల్ పర్వతాల్లో చేసిన ప్రయాణాలతో పాటు షే ప్రయాణం కూడా ఒక అధ్యాయం. మా పనిలో ఏదైనా సిస్టమ్ పడిపోతే రెండు సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టుకుని చదువుతాం. ఒకే సంఘటన, రెండు గడియారాలు. ఒకదాంట్లో పేజీ నిండా ఉన్నది ఇంకోదాంట్లో ఒక్క లైను ఉంటుంది, లేదా ఉండదు. ఈ రెండు పుస్తకాలను అలా చదవడం గొప్ప అనుభవం.

షాలర్ దగ్గర మందలో ఎన్ని ఆడవి, ఎన్ని మగవి, ఏ ఎత్తులో మేస్తున్నాయి, పోట్లాడుకునేటప్పుడు తలలు ఎలా తాకిస్తాయి, చిరుత పెంటలో ఏ జంతువు వెంట్రుకలు దొరికాయి అన్న సంగతులు ముఖ్యం. భరల్ మేకకే దగ్గరని చివరికి తేల్చింది ఇలాంటి నోట్సుతోనే. అయితే ఇవన్నీ చూసి అతన్ని ఎండిన మనిషి అనుకుంటే పొరపాటు. పుస్తకం పేరులోనే భయం ఉంది. జంతువులు పోయాక కొండల్లో మిగిలేది నోరులేని రాళ్ళేనన్న భయం. మథీసెన్ మంచు చిరుతను చూడకపోవడంలో శాంతి వెతుక్కుంటే, షాలర్ రేపు చూడ్డానికి అసలు చిరుత ఉంటుందా అని అడుగుతాడు. 1970లో చిత్రాల్ లోయలో అతను మంచు చిరుతను చూసి, ఫొటోలు తీసి ఉన్నాడు. చూసినవాడికి ఉండే దిగులు వేరు. షే, ఫోక్సుండో ప్రాంతం 1984లో నేపాల్ జాతీయ ఉద్యానం అయింది. ఇవాళ ఆ దేశంలో అన్నిటికన్నా పెద్దది అదే. 'కనపడకపోయినా ఫరవాలేదు' అని మనం హాయిగా అనగలుగుతున్నామంటే, కనపడాల్సిందేనని లెక్కలు కట్టినవాళ్ళు ఉండబట్టే.

ఒక చిన్న విషయం నన్ను బాగా కదిలించింది. మథీసెన్ పుస్తకంలో, ప్రయాణం సాగేకొద్దీ, లెక్కల మనిషి షాలర్ హైకూలు రాయడం మొదలుపెడతాడు. ఒకటి మథీసెన్ తన డైరీలోకి ఎక్కించాడు. అది దేని గురించో చూడండి. చిరుత గురించి కాదు, శూన్యం గురించి ప్రసంగమూ కాదు. వీపున బరువులతో వెళ్తున్న మనుషులు, మంచులో వాళ్ళ అడుగుల గీత. జెన్ సాధకుడు చిరుత కోసం వెతుకుతుంటే శాస్త్రవేత్త మోతగాళ్ళ మీద కవిత రాశాడు. దీన్ని మథీసెన్ గమనించాడో లేదో పుస్తకం చెప్పదు. కానీ దాచకుండా మనకి ఇచ్చాడు. తనకి వ్యతిరేకంగా వాడుకోగల సాక్ష్యాన్ని తనే ఇచ్చే ఈ గుణం నాకు చాలా నచ్చుతుంది.

*

ఇప్పుడు కష్టమైన భాగం. మథీసెన్‌కి నిజానికి ఇంకో ఇద్దరు తోడున్నారు. ఒకరు చనిపోయిన భార్య. ఇంకొకరు ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న కొడుకు. డెబొరా గురించిన పేజీలు ఈ పుస్తకంలో అన్నిటికన్నా నిజాయితీగా ఉంటాయి. వాళ్ళ సంసారం సజావుగా లేదనీ, విడిపోవడం దాకా వెళ్ళిందనీ, తర్వాత మళ్ళీ దగ్గరయ్యారనీ అతను చెప్తాడు. పోయినవాళ్ళని దేవతల్ని చేసి కూర్చోబెట్టడు. ఆవిడ కోసం ఏడ్చే చోట కూడా తన తప్పుల్ని పక్కకు నెట్టడు.

కొడుకు దగ్గరికొచ్చేసరికి నాకు కాళ్ళు ఆగిపోతాయి. షేలో ఉండగా కింద నుంచి టపా వస్తుంది. మథీసెన్ తన ఉత్తరాలు విప్పకుండానే సంచిలో పెట్టేస్తాడు. చెడువార్త ఉంటే ఇక్కణ్ణుంచి చేయగలిగిందేమీ లేదు, మంచివార్త ఉంటే మనసు ఇంటివైపు పోయి ఇక్కడి క్షణం పాడవుతుంది అన్నది అతని వాదన. తర్కంగా చూస్తే ఎక్కడా పట్టు దొరకదు. ఈ సన్నివేశాన్ని గొప్ప వైరాగ్యంగా మెచ్చుకున్న పాఠకులు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం తల్లి పోయి రెండేళ్ళు కూడా నిండని ఎనిమిదేళ్ళ పిల్లాడు గుర్తొస్తాడు. వాడి దస్తూరీ ఆ సంచిలో ఉండొచ్చు. పైగా ఆ ఉత్తరాలు అక్కడికి వాటంతటవే ఎగిరి రాలేదు. ఎవరో రోజుల తరబడి నడిచి, కనుమలు దాటి మోసుకొచ్చారు. మోసినవాడి శ్రమ, రాసినవాడి ఆశ రెండూ సంచి అడుక్కి చేరాయి.

దీన్ని బట్టి మథీసెన్ చెడ్డ తండ్రి అని తీర్పు చెప్పి పుస్తకం మూసెయ్యాలనడం లేదు. అతను నవంబరు 18న షే వదిలి బయల్దేరడానికి ఒక కారణం ఆ కొడుకే. షాలర్ ఇంకా ఉండిపోతాడు. చిరుత కనపడే అవకాశం మిగిలుండగానే మథీసెన్ వెనక్కి తిరిగాడంటే, అక్కడ ఇచ్చిన మాట గెలిచినట్టే, ఆలస్యంగా అయినా. పండగ దాటిపోతుంది, అతను ఇంకా కొండదారుల్లోనే ఉంటాడు. డిసెంబరు మొదటికి గానీ కాఠ్మండు చేరడు. నా గొడవ మనతో, పాఠకులతో. 'వదిలేయడం' అనే మాటను ఈ పుస్తకం నుంచి తీసుకుని మన స్టేటస్‌లో పెట్టుకునేటప్పుడు, వదిలేసింది ఏమిటి, వదిలేయబడింది ఎవరు అని అడగం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో వారం సెలవు పెట్టి కొండలెక్కే మాలాంటివాళ్ళకి ఈ ప్రశ్న మరీ దగ్గరిది. మనం ఫోను ఆపేసి ప్రశాంతంగా ఉన్న ఆ వారం, ఇంట్లో అమ్మకి మందులిచ్చేది ఎవరు, పిల్లాణ్ణి బడికి దించేది ఎవరు? మథీసెన్ ఈ ప్రశ్నకి జవాబివ్వలేదు గానీ ప్రశ్న ఉన్నచోటు చెరిపెయ్యలేదు. అతన్ని వాడుకునే మనమే చెరిపేస్తున్నాం.

*

ఇక మోతగాళ్ళు. బయల్దేరినప్పుడు నలుగురు షెర్పాలు, పద్నాలుగుమంది పోర్టర్లు. ఆ తర్వాత ఊరూరా మారుతూ వచ్చినవాళ్ళు వేరు. వీళ్ళలో కొందరు మంచులో చెప్పుల్లేకుండా నడిచారు. కొందరికి మంచు మీద పడి మళ్ళిన ఎండకి కళ్ళు మండి చూపు ఆనకుండా పోయింది. నల్లద్దాలు పెట్టుకున్న దొరలకి రాని బాధ అది. మథీసెన్ ఇవన్నీ చూశాడు, రాశాడు. ఆ రోజుల్లో హిమాలయాల మీద రాసిన చాలామంది పాశ్చాత్యుల కన్నా ఎక్కువగానే రాశాడు. కానీ రాసి, దాటేశాడు.

ఇక్కడ నాకు కనపడే లోపం ఒకటుంది. షేలో ఒక లామా ఉంటాడు. కాళ్ళు వంకరపోయి, ఆ గుహలాంటి ఆశ్రమం వదిలి మళ్ళీ ఎక్కడికీ పోలేని స్థితి. ఇక్కడ ఎలా ఉందని అడిగితే నవ్వేసి, సంతోషంగా ఉన్నానంటాడు, వేరే దారి లేదు కాబట్టి మరీనూ. పుస్తకంలో అందరికీ గుర్తుండే ఘట్టం ఇది. మథీసెన్ ఆ మాటతో కదిలిపోతాడు, మనమూ కదిలిపోతాం. ఆ మాటను ఇంగ్లీషులోకి తెచ్చిపెట్టింది షెర్పాల పెద్ద జాంగ్‌బు. ఆ పేజీ చదివాక నేను వెనక్కి తిప్పి, మంచులో ఒట్టి కాళ్ళతో నడిచినవాళ్ళ పేజీ మళ్ళీ చూశాను. వాళ్ళకీ వేరే దారి లేదు. లామాకి దారి లేకపోవడం వెలుగు అయింది, మోతగాడికి దారి లేకపోవడం దినకూలి అయింది. రెండూ ఒకే పుస్తకంలో, ఒకే మంచులో ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసే పని మథీసెన్ చెయ్యలేదు. చేసివుంటే లామా మాట ఇంత తియ్యగా మిగిలేది కాదేమో, కానీ పుస్తకం ఇంకా పెద్దదయ్యేది.

దీన్ని విదేశీయుడి గుడ్డితనం అని తోసెయ్యడం మనకి తేలిక. మన యాత్రాసాహిత్యాన్నీ ఒకసారి చూసుకోవాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు దాదాపు వందమంది పరివారం వెంట ఉంది, పల్లకీ మోసే బోయీలతో సహా. ఆ భుజాలు లేకపోతే 'కాశీయాత్ర చరిత్ర' లేదు. నడిచినవాడి పేరు మీద వచ్చే ప్రతి పుస్తకం కింద మోసినవాళ్ళ నడక ఒకటుంటుంది. ఇవాళ సాంక్రీలో మన టెంట్లూ గ్యాస్ సిలిండర్లూ గుడ్ల ట్రేలూ పైకి చేర్చే కంచరగాడిదల వెనక నడిచేవాళ్ళ పేర్లు మన ట్రెక్ పోస్టుల్లో ఎన్నిసార్లు చూశాం?

మోతగాళ్ళలో మథీసెన్ పేరు పెట్టి పట్టుకున్నది టుక్టెన్‌ని. తాగుతాడని, దొంగతనం చేస్తాడని, ఏవో మంత్రాలొచ్చని తోటివాళ్ళే అతని గురించి గుసగుసలాడతారు. మథీసెన్‌కి మాత్రం అతని చూపులో ఏదో ఎరుక కనపడుతుంది. మెల్లిమెల్లిగా టుక్టెన్ అతనికి గురువు స్థానంలోకి వస్తాడు. తిరుగుదారిలో షాలర్ లేడు, అసలు తోడు టుక్టెనే. ఈ పేజీలు అందంగా ఉంటాయి. వాటిని చదువుతుంటే నాకు ఇబ్బందీ ఉంటుంది. రోజుకూలికి బరువు మోసే మనిషిని గురువుగా చూడటం గౌరవమే. కానీ ఆ గౌరవంలో ఒక సౌకర్యం ఉంది. గురువుకి చలేస్తుందా, వచ్చే నెల పనుంటుందా అని శిష్యుడు అడగక్కర్లేదు. టుక్టెన్‌కి సొంత కథ ఏముందో, అతను ఈ తెల్లమనిషి గురించి ఏమనుకున్నాడో మనకి తెలిసేది బహు తక్కువ. అతను ఎప్పుడూ మథీసెన్ చూపులోనే వెలుగుతుంటాడు.

*

లోపాలు ఇంకా ఉన్నాయి, వాటిని త్వరగా చెప్పేస్తాను. బౌద్ధం మీద, టిబెట్ మత చరిత్ర మీద ఇచ్చే వివరణలు నడకను ఆపేస్తాయి. తెలిసినవాళ్ళకి అవి పైపైన ఉంటాయి, తెలియనివాళ్ళకి బరువు. యేటి ఉందా లేదా అన్న చర్చ ఆ కాలపు సరదాగా మిగిలిపోయింది. ఒక్కో ఊరివాళ్ళ స్వభావాన్ని ఒక్క వాక్యంలో తేల్చేసే అలవాటు ఇవాళ చదివితే గుచ్చుకుంటుంది. మథీసెన్ 1981లో జెన్ పురోహితుడిగా దీక్ష తీసుకున్నాడు, ఆ దారిలోనే 2014లో పోయేదాకా ఉన్నాడు. ఆ తర్వాతి జీవితం తెలిసి చదివితే, ఈ పుస్తకంలో అతను ఇంకా నేర్చుకునే దశలో ఉన్నాడనీ, నేర్చుకున్నది వెంటనే అప్పజెప్పే విద్యార్థిలా అక్కడక్కడా ఉన్నాడనీ తెలుస్తుంది.

ఇన్ని చెప్పినా, హిమాలయ నడక మీద నేను చదివినవాటిలో మళ్ళీ తెరిచేది ఈ పుస్తకాన్నే. కారణం దాని ముగింపు. కాఠ్మండు చేరాక టుక్టెన్, మథీసెన్ బౌద్ధనాథ్ స్తూపం దగ్గర కలుసుకుందామని అనుకుంటారు. చెప్పిన రోజున మథీసెన్ వెళ్తాడు. టుక్టెన్ ఉండడు. అక్కడున్నవాళ్ళని అడిగితే అలాంటి మనిషి ఎవరూ తెలియదంటారు. పుస్తకం అక్కడ అయిపోతుంది. చాలామంది ఈ ముగింపుని కూడా చిరుత లెక్కలోనే వేస్తారు: చిరుత కనపడలేదు, గురువూ కనపడలేదు, అంతా మాయ. నేనలా చదవలేను. చిరుత ఒక జంతువు, అది మనకి ఏ మాటా ఇవ్వలేదు. టుక్టెన్ ఒక మనిషి. రాకపోవడానికి అతనికి సొంత కారణాలుండొచ్చు. ఇంకో బరువు దొరికివుండొచ్చు. ఇంకొకరి కథలో గురువుగా ఉండటం ఇష్టంలేక పోయివుండొచ్చు. మథీసెన్ అతన్ని ఎంత ప్రేమగా రాసినా, ఆఖరి పేజీలో అతను ఆ చూపులోంచి బయటికి నడిచి వెళ్ళిపోయాడు. అతన్ని వెనక్కి లాక్కొచ్చి ఒక అర్థం తగిలించకుండా వదిలిన ఒకే చోటు అది. ఈ పుస్తకంలో వదిలేయడం అన్న మాటకి నేను పూర్తిగా ఒప్పుకునే అర్థం అక్కడే దొరికింది.

కొత్తగా చదవబోయేవాళ్ళకి నా సలహా ఒకటే. చిరుత ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడకండి. ప్రతి తేదీ దగ్గరా ఆగి, ఈ రోజు ముందెవరు నడిచారు, దారెవరు తొక్కారు, బరువెవరి మీద ఉంది అని చూసుకుంటూ వెళ్ళండి. వీలైతే షాలర్ పుస్తకం పక్కన పెట్టుకోండి. ఒకే మంచు మీద రెండు లాగ్‌లు ఉన్నాయి మన దగ్గర, ఒకటి నవలాకారుడిది, ఒకటి శాస్త్రవేత్తది. వాళ్ళిద్దరికన్నా ఎక్కువ బరువుతో అదే దారిన నడిచిన టుక్టెన్ లాగ్ మన దగ్గర లేదు.